ఆఖరి రేవులో అన్న మాట

రేకుల వీధిలో పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టే దాకా సుత్తిచప్పుళ్ళే. ఏ దుకాణం ముందు చూసినా బకెట్లు, గరాటులు, ట్రంకుపెట్టెలు, కిరసనాయిలు డబ్బాలు. ఆ వీధిలోకి కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు మొదటి వారం తలనొప్పితో పడుకుంటారు, రెండో వారానికి అరిచి మాట్లాడడం నేర్చుకుంటారు. అరుపుల్లేకుండా కాపురం సాగిన ఇల్లు మొత్తం వీధికి ఒక్కటే, మలుపులో ఉన్న చెవిటి రేకులాయన ఇల్లు. ఆయనకు వినపడదు. ఆయన భార్యకు అరిచే గొంతు లేదు.

ఆమెను అందరూ బొమ్మక్క అనేవారు. ఎందుకంటారో పిల్లలకు తెలియదు, పెద్దవాళ్ళలో సగంమంది మరిచిపోయారు. ఒకప్పుడు ఆమె బొమ్మలో, అంటే సినిమాలో, ఆడింది. ఇంకా తెరకు మాటలు రాని కాలం అది. ఆడింది ఒకే ఒక్క బొమ్మ. దాని పేరు ‘ఆఖరి రేవు’.

ఆమె పుట్టి పెరిగింది ఇస్త్రీ దుకాణంలో. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి, అన్న, వదిన, ఆమె తలా ఒక బల్ల దగ్గర నిలబడి పనిచేసేవారు. ఇస్త్రీపెట్టెల్లో బొగ్గులు ఊది ఊది, ఆ పొగ మింగి మింగి, పదేళ్ళు నిండకముందే పిల్ల గొంతు బొంగురుపోయింది. “ఎవరో ముసలాయన పలికాడనుకున్నా” అని బట్టలు తెచ్చినవాళ్ళు నవ్వేవారు. ఆ నవ్వులకు జడిసి మాట్లాడడం తగ్గించుకుంది. జవాబులన్నీ ముఖంతోనే చెప్పేది. కనుబొమలు ఎగరేస్తే ‘రేపు రండి’ అని, పెదవి విరిస్తే ‘ఈ మరక పోదు’ అని. వాడుకవాళ్ళందరికీ ఆ భాష అర్థమయ్యేది.

దుకాణానికి ఎదురుగా అద్దాల కప్పు వేసిన పెద్ద షెడ్డు ఉండేది. అందులో ఒక కంపెనీ బొమ్మలు తీసేది. వాళ్ళ దీపం సూర్యుడే. మబ్బు పడితే పని ఆగిపోయి, రాజులూ భటులూ వేషాలతోనే వచ్చి ఇస్త్రీ దుకాణం అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. వేషాల బట్టలన్నీ వీళ్ళ దగ్గరికే ఇస్త్రీకి వచ్చేవి. ఒకరోజు నాయిక వేషం వేసే ఆమె డైరెక్టరుతో పోట్లాడి రైలెక్కి వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలియక ఈ పిల్ల ఆమె బట్టలు మడతపెట్టి పట్టుకెళ్ళింది. డైరెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. ‘ఇవి ఎవరికివ్వాలి?’ అని, అలవాటు కొద్దీ, కళ్ళతోనే అడిగింది.

డైరెక్టరు తల మీంచి చేతులు తీశాడు. “ఇంకోసారి అడుగు” అన్నాడు.

మళ్ళీ అలాగే అడిగింది. అంతే, వేషం ఖాయమైంది.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. తండ్రి ఇస్త్రీపెట్టె బల్లమీద ఠక్కున పెట్టి, “వేషాలేసిన పిల్లని రేపు ఎవడు చేసుకుంటాడు?” అన్నాడు.

వదిన నోట్లో నువ్వుగింజ నానదు. “మూగబొమ్మే కదా మామయ్యా! నోరు విప్పేది లేదు, పరువు పోయేది లేదు. ఇక్కడ నిలబడి బొగ్గులు ఊదేదానికంటే అక్కడ నిలబడి ఏడిస్తే నష్టమేముంది?” అంది. అన్న ముందు నవ్వాడు. తండ్రికీ నవ్వొచ్చింది. నవ్విన తర్వాత ఇక కాదనలేకపోయాడు.

బొమ్మ కథ చిన్నదే. ఏటి రేవులో పడవ నడిపేవాడి కూతురు ఒకతి. ఏటి మీద వంతెన కట్టడానికి వచ్చిన ఇంజనీరు ఒకడు. రోజూ ఆమె పడవలోనే అతను అటూ ఇటూ తిరుగుతాడు, ప్రేమ పుడుతుంది. కానీ వంతెన పూర్తయితే పడవతో ఎవరికీ పని ఉండదు, ఇంజనీరుకు ఊళ్ళో పని ఉండదు. వంతెన పూర్తవుతుంది. గాలివానలో, ఆఖరిసారి పడవ దిగి అతను వెళ్ళిపోతాడు.

ఇంజనీరు వేషం వేసినతన్ని షెడ్డులో అందరూ రాజావారు అని పిలిచేవారు, అంతకుముందు అన్నీ యువరాజు వేషాలే వేశాడు కాబట్టి. అసలు అతను అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని చేసి వచ్చినవాడు. గడ్డం మీద చిన్న మచ్చ, ఎప్పుడూ పొడి దగ్గు. ఆమె బొంగురు గొంతు విని నవ్వనివాడు లోకంలో అతనొక్కడే. మబ్బు పట్టి పని ఆగినప్పుడల్లా అతను పక్కన చేరి, “ఏదో ఒకటి మాట్లాడు, విందాం” అనేవాడు. “ఏం మాట్లాడను?” అంటే “అదే, ఆ రెండు ముక్కలే మళ్ళీ అను” అనేవాడు. ఆమె అంతవరకు దాచుకున్న మాటలన్నీ ఆ మబ్బు రోజుల్లోనే ఖర్చుపెట్టింది. పొద్దున లేస్తూనే ఆకాశం చూసి, ఎండగా ఉంటే ముఖం మాడ్చుకునేది. కంపెనీలో అందరూ ఎండ కోసం ఎదురుచూస్తుంటే ఆమె ఒక్కతీ వాన కోసం చూసేది.

కెమెరా తిరుగుతున్నంతసేపూ పెదవులు కదుపుతూ ఉండాలని డైరెక్టరు హుకుం. ఏమన్నా ఫరవాలేదు, ఎలాగూ వినపడదు. ఆమెకు ఏమనాలో తోచక, “చొక్కాలు ఆరు, దుప్పట్లు నాలుగు, దిండు గలీబులు ఎనిమిది” అని ఇస్త్రీ పద్దు అప్పజెప్పేది. రాజావారు ఎక్కాలు చదివేవాడు. ‘నువ్వు లేకపోతే బతకలేను’ అని తెర మీద అక్షరాలు పడే చోట అతను నిజానికి అన్నది పదమూడో ఎక్కం. ఇద్దరూ నవ్వాపుకోలేక మూడుసార్లు ఫిల్ము పాడుచేశారు.

ఆఖరి సన్నివేశం రోజు గాలివాన కోసం విమానం రెక్కలంత ఫ్యాను ఒకటి తెచ్చారు. దాని మోత, గొట్టాల్లోంచి పడే నీళ్ళ మోత, రేకు బాకాలోంచి డైరెక్టరు అరుపులు. చెవులు గింగుర్లెత్తిపోతున్నాయి. రాజావారు పడవ దిగి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. అలా తిరగమని ఎవరూ చెప్పలేదు. వచ్చి ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఏదో అన్నాడు. పొడుగాటి మాట. కళ్ళనిండా నీళ్ళు, అవి గొట్టం నీళ్ళు కావని ఆమెకు తెలుస్తూనే ఉంది. అది ఎక్కం కాదు. కానీ ఆ హోరులో ఒక్క ముక్క కూడా వినపడలేదు.

ఫ్యాను ఆపాక పరుగున వెళ్ళి, “ఏమన్నారు? ఇందాక ఏమన్నారు?” అని అడిగింది.

అతను తువ్వాలుతో తల తుడుచుకుంటూ నవ్వాడు. “తొందరేముంది? తెర మీద పడ్డాక చూసుకో” అన్నాడు.

ఆ మర్నాటి నుంచి అతను షెడ్డుకు రాలేదు. దగ్గులో రక్తం పడిందన్నారు. కొండమీద ఆస్పత్రికి పంపారన్నారు. గాలి మారితే కోలుకుంటాడన్నారు. బొమ్మ విడుదల కాకముందే పోయాడన్నారు. చివరి కబురు తెచ్చినవాడు ఇస్త్రీ బట్టలు కూడా తెచ్చాడు. ఆమె అవి లెక్కపెట్టి తీసుకుంది.

బొమ్మ విడుదలైన రోజు వదినతో కలిసి వెళ్ళింది. ఆఖరి సన్నివేశం రాగానే కళ్ళు నీళ్ళతో నిండి తెరంతా కరిగిపోయింది. తుడుచుకునేసరికి అతను రేవు దాటి వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అంతే. ఇంకోసారి పళ్ళు బిగపట్టి, రెప్ప వేయకుండా చూసింది. పెదవులు కదిలాయి, తెర మీద అక్షరాలు మాత్రం పడలేదు. కానీ కదిలే పెదవులను చదవడం ఆమెకు ఏం తెలుసు? మరోసారి వెళ్దామనుకునే లోపు బొమ్మ మార్చేశారు.

తర్వాత తెరకు మాటలొచ్చాయి. కంపెనీవాళ్ళు పిలిచి ఆమెను ఒక మైకు ముందు నిలబెట్టి నాలుగు మాటలు అనమన్నారు. యంత్రం దగ్గర కూర్చున్నతను చెవులకున్నవి తీసేసి, “గొంతులో బొగ్గులు పోసుకున్నావా అమ్మా?” అన్నాడు. అతను సరదాకే అన్నాడు. నిజంగానే అంత పనీ అయిందని అతనికి తెలియదు. కొన్నాళ్ళకు కంపెనీయే మూతపడింది, అద్దాల షెడ్డు గోనెసంచుల గోదాము అయింది. ఆమె మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. తండ్రి అన్నట్టే సంబంధాలు రాలేదు. వచ్చినవాళ్ళు బొమ్మలో ఆడిన పిల్ల ఎలా ఉంటుందో చూసి పోవడానికే వచ్చేవారు.

అప్పుడు వచ్చాడు రేకులాయన. చిన్నప్పుడు జ్వరం తగిలి చెవులు పోయినవాడు. అప్పటికే మాటలు వచ్చి ఉండడంతో మాట్లాడగలడు, కానీ గొంతు ఒకే మట్టాన, రేకు మీద దెబ్బ వేసినట్టు ఉండేది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. తల్లిని వెంటబెట్టుకుని తనే వచ్చి అడిగాడు.

వదిన ఆమెను పక్కకు లాగి, “మొగుడికి వినపడకపోతే అంతకంటే అదృష్టమేముందే పిల్లా! నాకా వరం లేక రోజూ చస్తున్నా” అంది. ఆమె నవ్వలేదు. ఈ మనిషికి నా గొంతుతో పనిలేదు కదా అనుకుంది. సరేనంది.

కాపురం చెడ్డది కాదు. ఆయన నెమ్మదస్తుడు. ఆమె మాట్లాడుతుంటే సుత్తి పక్కన పెట్టి, ముఖమంతా కళ్ళు చేసుకుని చూసేవాడు. ఆయన ముందు ఆమె అసలు గొంతే తీసేది కాదు, పెదవులు కదిపితే చాలు. వీధిలో అందరూ అరుచుకుంటుంటే వీళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని చప్పుడు లేకుండా గంటలు గంటలు మాట్లాడుకునేవారు. పిల్లలు పుట్టలేదు. ఆ దిగులు ఉండేది, దాన్ని కూడా చప్పుడు లేకుండానే పంచుకున్నారు.

పెళ్ళైన కొత్తలో ఒకనాడు ఆయన, “ఆఖరి రేవు ఆడినన్నాళ్ళూ రోజూ వెళ్ళాను” అన్నాడు. “అప్పట్లో హాల్లో అందరూ నాలాంటివాళ్ళే. ఎవరికీ ఏమీ వినపడేది కాదు.” ఆమెకు ముచ్చటేసింది. ఆయన ఇంకా అన్నాడు: “పడవలో కూర్చుని నువ్వు దిండు గలీబులు లెక్కపెట్టావు. ఎనిమిది. నాకు నవ్వాగలేదు, పక్కవాడు తిట్టాడు.”

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఈ మనిషి పెదవులు చదవగలడు.

“ఆఖర్న, గాలివానలో... అతను ఏమన్నాడు?” అని అడిగింది.

ఆయన కాసేపు రేకు అంచు వేలితో తడిమాడు. “నీ చెయ్యి అడ్డొచ్చింది. కనపడలేదు” అన్నాడు.

తను చెయ్యెత్తిందా? ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. ఎత్తినట్టే ఉంది, ఎత్తనట్టూ ఉంది. ఆ రోజు మొదలైంది ఆమె వెతుకులాట. బొమ్మ ఎక్కడన్నా దొరికితే, ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, తేలిపోతుంది. చెయ్యి అడ్డొచ్చిందో లేదో ఒకటి, అసలు మాట ఏమిటో రెండు.

బొమ్మ ఆడిన హాలు మేనేజరును అడిగింది. అతను పంపిణీ కంపెనీ గుమాస్తా పేరు చెప్పాడు. గుమాస్తా గట్టిగా నవ్వాడు. “మూగబొమ్మలా! వాటిని ఎప్పుడో తూకానికి అమ్మేశారు తల్లీ. ఫిల్ము కడిగితే వెండి వస్తుంది. కడగ్గా మిగిలింది దువ్వెనలు చేసేవాళ్ళు కొనుక్కుపోతారు. మీరు తల దువ్వుకునే దువ్వెన ఏ బొమ్మదో ఎవరికి తెలుసు?” ఆమె ఇంటికొచ్చి తన దువ్వెన ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత తనను తానే తిట్టుకుని కింద పెట్టింది.

అయినా ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి, చెవిన పడ్డ ప్రతి ఆచూకీ వెంట వెళ్ళింది. వెళ్ళేముందు భర్తకు చెప్పే వెళ్ళేది. ఆయన తలూపేవాడు, దారిలో తాగడానికి తను చేసిన మూతడబ్బాలో నీళ్ళు నింపి ఇచ్చేవాడు. ఒకసారి మాత్రం నిజంగానే దొరికింది. ఊరూరా గుడారం వేసి బొమ్మలాడించిన ఒక ముసలాయన దగ్గర ‘ఆఖరి రేవు’ ఉందన్నారు. ఆమె బస్సులు మారి వెళ్ళింది. ముసలాయన సంబరపడిపోయాడు.

“ఎంత ఆడిందమ్మా ఆ బొమ్మ! కానీ ఆఖరి ఫిల్ము చుట్ట మాత్రం కోసి పారేశాను. వాడు వెళ్ళిపోతే జనం ఏడుస్తూ ఇళ్ళకు పోయేవారు, రెండో ఆటకు వచ్చేవారు కాదు. అందుకని ఇద్దరూ పడవలో నవ్వుకునేచోట ఆపేసి, శుభం అనేవాణ్ణి.”

“కోసిన చుట్ట?”

“పొయ్యి రాజేసుకున్నాం. భగ్గుమంటుందమ్మా అది, దాని ముందు కిరసనాయిలు కూడా పనికిరాదు.”

మిగిలిందైనా చూస్తానంది. మంచం కింది పెట్టె లాగి మూత తీశాడు. ఘాటు వాసన గుప్పున కొట్టింది. లోపల ఫిల్ము లేదు. అది కరిగి ముద్దైన గోధుమరంగు బంక గడ్డ ఒకటి, దాని చుట్టూ పొడి. ఆమె వేలు పెట్టి చూస్తే వేలికి అంటుకుంది. ముసలాయన తనే ఎక్కువ నొచ్చుకుని, “మొన్నటిదాకా బాగానే ఉందే” అన్నాడు. ఆ మొన్న ఎన్నేళ్ళ కిందటిదో ఆయనకే తెలియదు.

ఇంటికి వచ్చింది. భర్త ఏమీ అడగలేదు, ముఖం చూస్తే తెలిసిపోయింది. ఆ వారంలోనే దుకాణం అటక దులుపుతుంటే పాత గరాటు ఒకటి దొర్లి పడింది. దాని లోపలి వైపు ఎర్ర రంగుతో అక్షరాలు ఉన్నాయి. ‘రి రేవు’. పక్కన ‘6’. ఫిల్ము డబ్బా మూతను కోసి చేసిన గరాటు.

పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. ఆయన సుత్తి ఆగిపోయింది.

“ఇది ఎప్పటిది?”

“మన పెళ్ళైన రెండో ఏడు. తూకానికి కొన్నాను. బండెడు డబ్బాలు. అన్నీ ఖాళీవే.”

“అంటే నీకు అప్పుడే తెలుసు. బొమ్మ పోయిందని.”

“ఒకటి పోతే ఇంకోటి ఉండొచ్చనుకున్నాను. చెబితే ఏడుస్తావని...”

“ఇన్నేళ్ళు నన్ను ఊళ్ళ వెంట కుక్కలా తిరగనిచ్చావు! నీళ్ళు నింపిచ్చి మరీ పంపావు!”

ఆమెకు గొంతు లేదని అందరూ అనుకుంటారు కానీ ఆ రోజు వీధిలో రెండు మూడు సుత్తులు ఆగాయి. ఆయన ముఖం నల్లబడింది. ఎప్పుడూ కోపం ఎరగని మనిషి లేచి నిలబడ్డాడు.

“చచ్చినవాడి మాట కోసం బతికున్నన్నాళ్ళూ తిరిగావు. ఏమన్నాడో చెప్పనా? ‘కాలు తియ్యవే, నా కాలి మీద నిలబడ్డావు’ అన్నాడు. అదీ నీ రాజావారు అన్నది. చాలా?”

ఆమె ఆయనకు ఎదురుగా జరిగింది. తర్వాత ఆయన కళ్ళలోకి చూస్తూ, ఒక్కో అక్షరం ఆయనకు స్పష్టంగా తెలిసేలా, “నీ ముఖం నాకు చూపించకు” అంది.

చెవిటివాడితో మాట్లాడకుండా ఉండడానికి నోరు మూసుకోనక్కర్లేదు, ముఖం తిప్పుకుంటే చాలు. ఆమె అదే చేసింది. వంట చేసేది, ఇల్లు ఊడ్చేది, ఆయన బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది, అన్నీ వీపు పెట్టే. ఒక్కోసారి కావాలని వీపు పెట్టి మాట్లాడేది కూడా, తిట్టేది, ఏడ్చేది. ఆయన వెనక కూర్చుని ఆమె భుజాలు కదలడం చూస్తూ ఉండేవాడు. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి. అలా నెలలు గడిచాయి. పంతం మొదలుపెట్టడం తేలిక, ఎక్కడ ఆపాలో తెలియదు.

ఆయన వేళ్ళకు గుడ్డపీలికలు కనపడసాగాయి. సుత్తి దెబ్బలు గురి తప్పుతున్నాయి. ఒకరోజు బొటనవేలు, ఇంకోరోజు చూపుడువేలు. ఆమె ఓరగా చూసేది, అడగాలనిపించేది, అడిగేది కాదు. చేసిన బకెట్లు నీళ్ళు కారుతున్నాయని జనం తిరిగి తేవడం మొదలుపెట్టారు. పరధ్యానం అనుకుంది. కుమలనీ అనుకుంది.

చివరికి ఆమెకే విసుగొచ్చింది, తన మీద తనకే. ఒక మధ్యాహ్నం కంచాలు పెట్టి, ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, ముఖం నిండుగా చూపిస్తూ, “రా, తిందాం” అంది.

ఆయన కదలలేదు. ఆమె వైపే చూస్తున్నాడు, మెడ కొంచెం వంచి. పగ తీర్చుకుంటున్నాడనుకుంది. “సరే, నాదే తప్పు. రా” అంది. అయినా కదలలేదు. ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు. అప్పుడు ఆమె చెయ్యి ఎత్తి ఆయన కళ్ళముందు ఆడించింది. ఆ కళ్ళు చేతి వెంట రాలేదు.

“నువ్వేనా?” అన్నాడు ఆయన, గాలిలోకి చెయ్యి చాస్తూ. “ఎదురుగా ఉన్నావా, వీపు పెట్టావా?”

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

పట్నం డాక్టరు చూసి, ముందే తెస్తే ఏదో చేసేవాణ్ణన్నాడు. అలా అనని డాక్టరు ఎవరు? ఇంత ఆలస్యంగా తెచ్చారేమని కూడా అడిగాడు. వినికిడి లేదు, చూపు లేదు. ఇక మాట వెళ్ళే దారి ఒక్కటే మిగిలింది. ఆయన అరచేతిలో ఆమె వేలితో అక్షరాలు రాసేది. ‘నీళ్ళు’. ‘వాన’. ‘వదిన వచ్చింది’. సుత్తి దెబ్బలతో కాయలు కాసిన చెయ్యి, గట్టిగా రాస్తే గానీ తెలిసేది కాదు. పొడుగాటి మాటలు రాసేసరికి మొదటి అక్షరం ఆయన మరిచిపోయేవాడు. క్షమించమని రాయాలని ఎన్నోసార్లు మొదలుపెట్టింది. ‘క్ష’ రాసేసరికే ఆయన చెయ్యి మూసేసి, “చాలు” అనేవాడు.

ఆ చలికాలంలో ఆయన మంచం పట్టాడు. ఒక సాయంత్రం తనంతట తనే మొదలుపెట్టాడు.

“ఆ రోజు అబద్ధం చెప్పాను. కాలు తియ్యమని కాదు. ‘బతికొస్తే నిన్ను నాతో తీసుకుపోతాను’ అన్నాడు.”

ఎన్నేళ్ళుగా కోరుకున్న మాట! విన్నది, కానీ ఒంట్లో ఏదీ కదల్లేదు. ఆయన ముఖంలోకి చూసింది. చావుబతుకుల్లో ఉన్నవాడు తనకు ఇచ్చిపోవడానికి ఏదో వెతుక్కుంటున్నాడనిపించింది. అరచేతిలో, ఒక్కో అక్షరం, ‘నిజమా’ అని రాసింది.

ఆయన రాస్తున్న వేలిని గుప్పిట్లో పట్టుకున్నాడు. తర్వాత అదే రేకు గొంతుతో అన్నాడు: “కాదు. అదీ నిజం కాదు. నాకు తెలియదు. రోజూ వెళ్ళానా, రోజూ నిన్నే చూశాను. అతని వైపు ఎప్పుడూ చూడలేదు. ఆ మాట మొదటే చెప్పాల్సింది, కొత్తలో సిగ్గేసింది. తర్వాత నువ్వు వెతకడం మొదలుపెట్టాక, చెప్పడానికి భయమేసింది.”

అప్పుడు తట్టింది ఆమెకు. ఆయన చెప్పి నవ్వించిన మాటలన్నీ తనవే. దిండు గలీబులు తనవి. రాజావారు చదివిన ఎక్కాల మాట ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు. ఇంత కాపురం చేసి ఆ సంగతి తను గమనించలేదు. ఆయన చెయ్యి తెరిచి ఏదో రాయబోయింది. వేలు ఆ అరచేతిలో ఊరికే పెట్టి ఉంచింది. ఆయన కాసేపు ఎదురుచూసి నిద్రపోయాడు. రెండు రోజుల తర్వాత పోయాడు.

వదిన వచ్చి కొన్నాళ్ళు తోడుంది. జుట్టు తెల్లబడినా నోరు మాత్రం తగ్గలేదు. కానీ ఈసారి ఆ నోటికీ హాస్యం తోచలేదు.

“ఎన్నాళ్ళిలా కూర్చుంటావు పిల్లా? నువ్వు చెయ్యగలిగినంత చేశావు. చేతిలో రాసి మరీ కబుర్లు చెప్పావు. ఏ పెళ్ళాం చేస్తుంది?”

“చేతిలో రాసినవి వేరు వదినా” అంది ఆమె. “కళ్ళుండగా ఆయన నా ముఖం మీద చూసిన ఆఖరి మాట ఏమిటో తెలుసా నీకు? ముఖం చూపించకన్నాను. తర్వాత నా వీపు ఒక్కటే చూశాడు. చూపు పోయేదాకా.”

వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దుకాణం ప్లాస్టిక్ బిందెల వ్యాపారి తీసుకున్నాడు. వెనక గదిలో ఆమెను ఉండనిచ్చాడు. అప్పటికి వీధిలో సుత్తులు ఒక్కటొక్కటే ఆగిపోతున్నాయి, జనానికి రేకు బకెట్ల మీద మోజు పోయింది. వీధి నెమ్మదైపోయి, మామూలు గొంతుతో మాట్లాడినా వినపడే రోజులొచ్చాయి. ఆమె మాత్రం గొంతు తీయడమే మానేసింది. ఎవరన్నా పలకరిస్తే పెదవులు కదిపేది. ఆ కదలికలో ఏముందో పట్టుకోగలిగినవాళ్ళు ఎవరూ లేరు. “ఏమంటోంది?” అని ఒకరినొకరు అడిగేవారు. కొన్నాళ్ళకు అడగడం కూడా మానేసి, తలూపి వెళ్ళిపోయేవారు.

అలా ఇంకా చాలా ఏళ్ళే బతికింది.